భయభక్తులు

"సిస్టర్, ఈ తీర్పులో తండ్రి గొంతు వినిపిస్తోంది. అమ్మాయి గొంతు ఎక్కడ?" అంటూ మా ప్రొఫెసర్ నా కాగితాలు తిరిగి ఇచ్చేశారు. కోప్పడలేదు, మామూలుగానే అన్నారు. అయినా ఆ మధ్యాహ్నం నాకు ముద్ద దిగలేదు.

రోములో నాకిది మూడో ఏడు. పెళ్లి చెల్లుతుందా లేదా అని తేల్చే కథోలిక శ్రీసభ (చర్చి) న్యాయమూర్తికి కానన్ చట్టంలో, అంటే శ్రీసభ సొంత చట్టంలో, కనీసం లైసెన్షియేట్ అనే ఉన్నత పట్టా ఉండాలి. దానికోసమే మా మఠం నన్ను చిత్తూరు నుంచి పంపింది. ముగ్గురు న్యాయమూర్తుల్లో ఇద్దరు గురువులు (ఫాదర్లు) కానివారు కావచ్చని పోపు ఫ్రాన్సిస్ 2015లో చట్టం సవరించారు కాబట్టి, కన్యస్త్రీకీ ఆ పీటపై చోటుంది. పొద్దున తరగతులు, సాయంత్రం ఒక న్యాయస్థానంలో వాంగ్మూలాలు రాసుకునే పని.

ఇది విడాకుల వ్యవహారం కాదు. మన ఊళ్లో పెద్దమనుషుల ముందుకు వస్తే తప్పెవరిదని మొదలుపెడతారు, చివరికి సర్దిచెప్పి పంపిస్తారు. ఇక్కడ తప్పెవరిదన్నది ప్రశ్నే కాదు. గుడిలో బలిపీఠం ముందు నిలబడి "సమ్మతమే" అన్న ఆ క్షణంలో అది నిజంగా సమ్మతేనా అన్నదొక్కటే విచారిస్తారు. సందేహం మిగిలితే పెళ్లి చెల్లుతుందనే చెప్పాలి. నేను ఆ నియమం చాటున దాక్కున్నానని ఇప్పుడు తెలుస్తోంది.

అభ్యాసానికి ఇచ్చినది పేర్లు చెరిపేసిన పాత వ్యాజ్యం. "నాన్న మాట కాదనలేకపోయాను" అని ఆ అమ్మాయి చెప్పింది. నేను నాలుగు వాక్యాల్లో తేల్చేశాను: పెద్దల మాట వినడం బలవంతం కాదు, పెళ్లి చెల్లుతుంది.

అంత తొందరెందుకు పడ్డానో చెప్పాలి. మొదటి ఏడాది తోటి విద్యార్థి ఒకరు, చాలా మంచి మనిషి, మా అమ్మానాన్నలు పెళ్లిచూపుల్లోనే మొదటిసారి ఒకరినొకరు చూసుకున్నారని విని, "అయితే ఆ పెళ్లి చెల్లుతుందంటారా?" అని నిజంగానే అడిగాడు. ఆ మాట ముల్లులా దిగింది. అప్పటి నుంచి పెద్దలు కుదిర్చిన పెళ్లి ఊసు వస్తే చాలు, వకాల్తా పుచ్చుకున్నట్టే మాట్లాడుతున్నాను. తమంతట తామే ఎంచుకున్నవారి వ్యాజ్యాలే కదా ఈ బీరువాల నిండా ఉన్నవి! మా చిత్తూరులో సంబంధం వస్తే మేనమామలు, పిన్నమ్మలు, పక్కింటివాళ్లు సైతం పది రకాలుగా ఆరా తీస్తారు. ఆ ఆరాలో ప్రేమ లేదని ఎవరనగలరు?

ప్రొఫెసర్ దాన్ని కాదనలేదు. కానన్ చట్టంలో 1103వ నియమం చూడమన్నారు. బయటి నుంచి వచ్చిన తీవ్ర భయం వల్ల, దాని నుంచి తప్పించుకోవడానికి పెళ్లి తప్ప దారిలేక చేసుకుంటే అది చెల్లదు. తల్లిదండ్రుల పట్ల గౌరవంతో కలిగే భయం ఒక్కటే అయితే సాధారణంగా అది తేలికపాటిదే. దానికి బెదిరింపులు, దెబ్బలు, అదేపనిగా బతిమాలడం, నెలల తరబడి మాట్లాడకుండా ఉండటం తోడైతే తీవ్రమవుతుంది. అందుకని న్యాయమూర్తి రెండు వైపుల నుంచి వెతకాలి: అమ్మాయికి ఆ పెళ్లంటే విముఖత ఉందా? ఆమెపై ఒత్తిడి జరిగిందా? గొడవ మొదలుకాక ముందు, అబద్ధమాడే అవసరమే లేని రోజుల్లో, ఆమె ఎవరితో ఏం చెప్పుకుంది?

ఆ భయానికి తెలుగు మాట వెతుకుతుంటే దొరికింది: భయభక్తులు. సంబంధాలు చూసేటప్పుడు "పిల్ల భయభక్తులు గలది" అనడం మనకు మెచ్చుకోలు. నా గురించీ అలాగే అనేవారు, నేను పొంగిపోయేదాన్ని. అందులో భయం ఎంతో భక్తి ఎంతో ఏనాడూ విడదీసి చూడలేదు.

ఆ రాత్రి నిద్ర పట్టక, తెల్లవారుజామున అమ్మకు ఫోను చేశాను. మామిడి కాలం. గుజ్జు ఫ్యాక్టరీ ముందు తోతాపురి లారీలు బారులు తీరాయని చెప్పుకొచ్చింది. మధ్యలో అడిగాను.

"అమ్మా, నీ పెళ్లప్పుడు నిన్ను అడిగారా?"

"అడిగారు. సరేనన్నాను."

"వద్దంటే ఏమయ్యేది?"

చాలాసేపు ఏమీ అనలేదు. ఫోను తెగిపోయిందనుకున్నాను.

"వద్దనవచ్చని నాకు తట్టలేదే తల్లీ."

చట్టం ప్రకారం అమ్మ పెళ్లికి ఏ లోటూ లేదు. విముఖత లేదు, ఒత్తిడి లేదు, నలభై ఏళ్ల కాపురం ఉంది. అయినా ఆ మాట నన్ను వదల్లేదు.

వ్యాజ్యం మళ్లీ మొదటి నుంచి చదివాను. పెళ్లికి రెండు వారాల ముందు ఆ అమ్మాయి పిన్ని ఇంటికి పారిపోయి రెండు రోజులు అన్నం ముట్టలేదు. తండ్రి వచ్చి, "రాకపోతే నన్ను ప్రాణాలతో చూడవు" అన్నాడు. మొదటిసారి చదివినప్పుడు దాన్ని తండ్రి ప్రేమగా చదువుకుని పేజీ తిప్పేశాను. పిన్ని వాంగ్మూలంలో అది స్పష్టంగానే ఉంది.

రేపు నేను తిరిగి వెళ్లాక ఇలాంటి అమ్మాయే పలమనేరు నుంచో మదనపల్లె నుంచో రావచ్చు. శ్రీసభ తీర్పుతో ప్రభుత్వం దృష్టిలో ఆమె పెళ్లి రద్దు కాదు. 2017 జనవరిలో సుప్రీంకోర్టు దాన్ని మళ్లీ స్పష్టం చేసింది. కుటుంబ న్యాయస్థానం మెట్లు కూడా ఆమె ఎక్కాలి. అంత కష్టపడి వచ్చిన మనిషికి నాలుగు వాక్యాల తీర్పు ఇవ్వగలనా?

రెండోసారి తొమ్మిది పేజీలు రాశాను. పిన్ని మాటలతోనే మొదలుపెట్టాను. పెళ్లి చెల్లదని తేల్చాను.

ఆదివారం పూజ ముగిశాక అమ్మ తానే ఫోను చేసింది. చెల్లికి తిరుపతి నుంచి సంబంధం వచ్చిందట, అబ్బాయి మంచివాడట, నాన్నకు బాగా నచ్చాడట.

"చెల్లిని అడిగారా?" అన్నాను.

"మీ నాన్న ముందు అడిగితే సరేనంటుంది. రేపు ఆయన పనికి వెళ్లాక మళ్లీ అడుగుతాను" అంది అమ్మ.