నెల్లిమర్ల దారిలో ఒక రేసు చట్రం

విజయనగరం స్టేషను బయట నా కోసం ఎదురు చూస్తున్న పెద్దాయన నాకు అంతకు ముందు ఫోనులోనే పరిచయం. నెల్లిమర్ల దారిలోని తమ గోదాములో ఒంటి సీటు రేసు కారు చట్రం ఒకటి ఏళ్ళ తరబడి పడి ఉందనీ, అది 1960 ప్రాంతంలో ఇంగ్లండులో తయారైన ఫార్ములా జూనియర్ (అప్పట్లో కొత్త డ్రైవర్ల కోసం నడిచిన రేసు తరగతి) బండి అనీ ఆయన నమ్మకం. కోట, మూడు లాంతర్లు చూపించి తీసుకువెళ్తానన్నారు గాని, పగటి వెలుతురులోనే చట్రాన్ని చూడాలని తిన్నగా గోదాముకే పోదామన్నాను.

గోనె సంచుల కట్టల వెనుక, ఇటుకల దొంతుల మీద, చక్రాలూ ఇంజనూ లేని ఉక్కు గొట్టాల చట్రం కనిపించింది. ముక్కు వైపు సన్నగా, నడుము దగ్గర మనిషి పట్టేంత వెడల్పుగా ఉంది. నంబరు పలక ఉండవలసిన చోట రివెట్ల రంధ్రాలు మాత్రమే మిగిలాయి.

"ఇంగ్లండు బండే బాబూ, ఏటి సందేహం? మా అన్నయ్య షోలవరంలో తోలీవోడు" అన్నారు పెద్దాయన. ఆ మాటను కొట్టిపారేయలేం. మద్రాసుకు ఉత్తరాన, రెండో ప్రపంచ యుద్ధ కాలపు షోలవరం రన్‌వే మీద దశాబ్దాల పాటు సాగిన పందేలలో విదేశీ బళ్ళు పరుగెత్తిన మాట నిజమే. అయినా ఇటువంటి విషయాల్లో కుటుంబ కథ కన్నా బోల్టుల సాక్ష్యాన్నే నేను ఎక్కువగా నమ్ముతాను.

వెర్నియర్‌తో కొలిస్తే పెద్ద గొట్టాల వ్యాసం 25.4 మిల్లీమీటర్లు, అంటే సరిగ్గా అంగుళం వచ్చింది. పెద్దాయన ముఖం వెలిగింది గాని, మన దేశంలోనూ గొట్టాలను అంగుళాల లెక్కనే అమ్ముతారు కనుక దానితో ఏమీ తేలదు. తరువాత అర అంగుళం పానా పెడితే బోల్టు తల మీద వదులుగా తిరిగింది; 12 మిల్లీమీటర్ల పానా బిగువుగా పట్టింది. బోల్టులను తరువాత ఎవరైనా మార్చి ఉండవచ్చు కాబట్టి, చట్రానికే వెల్డింగు చేసిన నట్లలోని మరను పరీక్షించాను. ఎనిమిది మిల్లీమీటర్ల మరకూ, బ్రిటిష్ కార్లలో కనిపించే 5/16 అంగుళాల మరకూ కంటికి తేడా తెలియదు. రెండోదానిలో అంగుళానికి 24 చుట్లు ఉంటాయి. ఇక్కడ మాత్రం 1.25 మిల్లీమీటర్ల గేజి పళ్ళు సందు లేకుండా కూర్చున్నాయి, అంటే ఇది అంగుళాల మర కాదు, మిల్లీమీటర్ల మర.

చక్రాన్ని బిగించే ముందు హబ్బు మరింత తేటగా మాట్లాడింది. ఆ కాలపు బ్రిటిష్ రేసు కార్లు అనేకం ట్రయంఫ్ హెరాల్డ్ ముందు భాగాలను వాడుకున్నాయి. అవి కనిపించినా నేను తొందరపడేవాణ్ణి కాదు, ఎందుకంటే స్టాండర్డ్ హెరాల్డ్ మద్రాసులోనే తయారైంది. ఇక్కడ నాలుగు బోల్టుల వలయం వ్యాసం 114.3 మిల్లీమీటర్లు, మారుతి 800 కొలత అదే. వెనుక ఇంజను పట్టీలు కూడా ఆ మూడు సిలిండర్ల ఇంజనుకే సరిపోయేట్టున్నాయి. వాటర్ పేపరుతో రుద్ది చూస్తే పట్టీల మీదా గొట్టాల మీదా అడుగున ఒకే రెడ్ ఆక్సైడ్ పూత ఉంది, అంతకు ముందు వేరే పట్టీలు ఉండగా కోసేసిన ఆనవాలు ఎక్కడా లేదు.

కోయంబత్తూరుకు చెందిన ఎస్. కరివర్ధన్ 1988లో 796 సీసీ మారుతి ఇంజనుతో ప్రవేశపెట్టిన ఫార్ములా మారుతి తరహా బండి ఇది అని చెప్పాను. 2005లో ఫార్ములా వన్‌లో అడుగుపెట్టిన తొలి భారతీయుడు నారాయణ్ కార్తికేయన్ మొదట్లో తోలింది అటువంటి బళ్ళనే. పెద్దాయన కొంత చిన్నబుచ్చుకున్నారు. నాకైతే ఇది దొరకడమే ఎక్కువ సంతోషం, ఎందుకంటే ఫార్ములా జూనియర్ కార్లను భద్రపరిచేవారు ఇంగ్లండులో ఎందరో ఉన్నారు.

ఇక బాగుచేత సంగతి. తాపీమేస్త్రీల తూకం గుండును నాలుగు సస్పెన్షన్ బిందువుల నుంచి వేలాడదీసి, నేల మీద సుద్దతో గుర్తులు పెట్టి, ఐమూలగా కొలిస్తే రెండు కొలతలకూ మధ్య ఎనిమిది మిల్లీమీటర్లు తేడా వచ్చింది. ఎడమవైపు అడుగు గొట్టాన్ని చిన్న సుత్తితో తడుతూ పోతే, ఖంగుమనే మోత కాస్తా సీటు కిందికి వచ్చేసరికి మొద్దుగా మారింది. లోపల నీరు నిలిచి తుప్పు తినేసింది. దాని మీద ఎవరో లావుపాటి ఆర్క్ వెల్డింగుతో అతుకు వేశారు. చట్రం వంకరపోవడానికి ఆ వేడే కారణమని నా అనుమానం.

సాలూరు లారీ షెడ్లకు పంపిద్దామన్నారు పెద్దాయన. ఆ మేస్త్రీల పనితనం మీద నాకు గౌరవమే గాని, లారీకి అలవాటైన చేయి ఇంత పలుచని గొట్టానికి చిల్లు పెట్టగలదు. ముందు అదే మందం ముక్కల మీద అతుకు వేయించి, దాన్ని కోసి చూశాకే చట్రాన్ని అప్పగించాలని, అంతవరకు ఇసుకతో రంగు చెక్కించవద్దని ఒప్పించాను. పాడైన గొట్టాన్ని కోసే ముందు చట్రాన్ని బరువైన ఇనుప బల్లకు బిగించడం తప్పనిసరి.

తిరుగు దారిలో ఆయన పాత ఇనుము కొట్టుకు ఫోను చేసి, గేరుబాక్సుతో సహా మారుతి ఇంజను ధర అడిగారు. చట్రం చక్కబడేదాకా బయానా ఇవ్వవద్దని పక్క నుంచి చెబుతూనే ఉన్నాను.