మహేంద్రగిరికి ముసురు, ఫెయిర్‌వెదర్‌కి మంచు

ఒడిశా, ఆంధ్ర సరిహద్దు దగ్గరున్న మన మహేంద్రగిరి ఎత్తు 1,501 మీటర్లు. అక్కడినుంచి సముద్రం సుమారు పాతిక కిలోమీటర్లు. అలాస్కా, కెనడా సరిహద్దు మీదున్న ఫెయిర్‌వెదర్ శిఖరం ఎత్తు 4,671 మీటర్లు, పసిఫిక్ తీరం దానికి ఇరవై కిలోమీటర్ల దూరంలోనే. ఒకటి ఉత్తర అక్షాంశం 19 డిగ్రీల దగ్గర, రెండోది 59 దగ్గర. అయినా రెండింటి వాతావరణాన్నీ నడిపేది పక్కనున్న సముద్రమే. పర్లాకిమిడి, గుణుపురం వైపు వాళ్ళకి ఆ మంచుకొండ సంగతి మహేంద్రగిరి నుంచి మొదలుపెడితేనే సులువుగా అర్థమవుతుంది.

బంగాళాఖాతంలో వాయుగుండం పడితే తడిగాలి వచ్చి కొండకి తగులుతుంది. పోయే దారిలేక పైకెక్కుతుంది, ఎక్కేకొద్దీ చల్లబడుతుంది, అందులోని ఆవిరి మబ్బు కడుతుంది. కింద మందసలో ఎండ కాస్తున్నా పైన భీముడి గుడి మంచుపొగలో మునిగి ఉండొచ్చు.

ఫెయిర్‌వెదర్ దగ్గరా జరిగేది ఇదే, కాకపోతే ఆగకుండా జరుగుతుంది. చలికాలమంతా అలాస్కా సింధుశాఖలోకి అల్పపీడనాలు ఒకదాని వెనక ఒకటి వస్తూనే ఉంటాయి. బయటి సముద్రం గడ్డకట్టదు కాబట్టి గాలికి తేమ కొరత లేదు. ఆ తీరంలోని యాకుటాట్ ఊళ్ళో ఏడాదికి వాన, మంచు కలిపి 3,500 మిల్లీమీటర్లకు పైగా పడుతుంది. కొండలకు అవతల, కెనడాలోని యూకాన్ ప్రాంతపు వైట్‌హార్స్‌లో 300 కూడా దాటదు. జనవరిలో యాకుటాట్ కంటే వైట్‌హార్స్ ఎంతో చలి, అయినా పెద్ద హిమానీనదాలు (కిందికి మెల్లగా పాకే మంచుగడ్డలు) తీరంవైపే ఉన్నాయి. చలి ఎక్కువైతే మంచు ఎక్కువ పడుతుందనుకోవడం పొరపాటు. తేమ ఉండాలి.

పైన చలి ఎంతో అంచనా కట్టడానికి లెక్క ఇది: కిలోమీటరుకు ఆరున్నర డిగ్రీలు తీసేయండి. తీరంలో 30 ఉంటే మహేంద్రగిరి మీద సుమారు 20. జులైలో ఫెయిర్‌వెదర్ కింద 13 ఉంటే రెండు కిలోమీటర్ల ఎత్తులో సున్నా, శిఖరం మీద మైనస్ 17. ఈ లెక్క తప్పే సందర్భాలూ ఉన్నాయి. మబ్బులేని పొడిగాలి పైకెక్కేటప్పుడు కిలోమీటరుకు పది డిగ్రీల దాకా చల్లబడుతుంది. చలిగాలి లోయలో పేరుకుంటే కిందే ఎక్కువ చలి.

అసలు ప్రమాదం సున్నా గీత, అంటే ఉష్ణోగ్రత సున్నాకి చేరే ఎత్తు, కదలడంలో ఉంది. తుఫానుతో పాటు వెచ్చటి గాలి వస్తే ఆ గీత వందల మీటర్లు పైకి జరుగుతుంది. నిన్న మంచు పడినచోట ఇవాళ వాన పడుతుంది. వాననీటి బరువు మంచుపొర మీద పడి, పొరల మధ్య పట్టు సడలి, వాలంతా ఒక్కసారిగా జారుతుంది. తీరపు మంచు మొదటినుంచీ బరువైనదే. పొడిమంచు పది సెంటీమీటర్లు కరిగిస్తే ఒక సెంటీమీటరు నీరు కూడా రాకపోవచ్చు, ఇక్కడి తడిమంచులో అంతకంటే బాగా ఎక్కువ. ఏటా కరిగినదానికంటే పడింది ఎక్కువైతే కింది పొరలు నలిగి, గాలి పోయి, గట్టి మంచుగడ్డగా మారతాయి. ఆ గడ్డే బరువుకి కిందికి పాకి కొన్నిచోట్ల సముద్రం దాకా వస్తుంది.

ఇంత ఎత్తు తీరం పక్కనే లేవడానికి కారణం నేల కింద ఉంది. భూమి పైపొర పెద్ద పెద్ద ఫలకాలుగా ఉంటుంది, వాటిలో పసిఫిక్ ఫలకం ఉత్తర అమెరికా ఫలకాన్ని రాసుకుంటూ పోతోంది. 1958 జులై 9న ఫెయిర్‌వెదర్ భ్రంశం (ఆ ఫలకాల మధ్య చీలిక) కదిలినప్పుడు లిటుయా అఖాతంలోకి కొండచరియ విరిగిపడి, లేచిన నీరు ఎదుటి వాలుమీద 524 మీటర్ల ఎత్తు దాకా చెట్లని ఊడ్చేసింది.

ఫెయిర్‌వెదర్ శిఖరాన్ని 1931లో మొదటిసారి ఎక్కారు. ఇప్పుడు వెళ్ళేవాళ్ళు కూడా తీరంలో కనిపించే ఆకాశాన్ని నమ్మరు. సముద్రం మీద అల్పపీడనం ఎటు కదులుతోందో చూసుకుంటారు, గుడారంలో రోజుల తరబడి చిక్కుకుపోయినా సరిపడేలా తిండి, పొయ్యి ఇంధనం అదనంగా పట్టుకెళతారు. తాగునీరు మంచు కరిగిస్తేనే కదా, అక్కడ ఇంధనం అయిపోతే దాహమే.