తోరంలో ఏడో ముడి

మా ఇంట్లో వరలక్ష్మీ వ్రతకథ చదివే పని పదిహేనేళ్ళుగా నాదే. పుస్తకం మా అత్తగారి కాలం నాటిది. అట్ట ఎప్పుడో ఊడిపోయింది, పేజీల నిండా పసుపు వేలిముద్రలు. అందులో చారుమతి గురించి మొదట వచ్చే మాటలు చూడండి. పొద్దున్నే లేచి స్నానం చేసి, భర్తను పూలతో పూజించి, అత్తమామలకు ఉపచారాలు చేసి, ఇంటిపనులు చక్కబెట్టుకుని, "గయ్యాళి గాక మితముగాను ప్రియముగాను" మాట్లాడేదట. ఆ "గయ్యాళి గాక" దగ్గరికి రాగానే, చేతిలో అక్షింతలు పట్టుకుని కూర్చున్నవాళ్ళలో ఎవరో ఒకరు కిసుక్కున నవ్వుతారు. ఒకరి మోచెయ్యి పక్కావిడకు తగులుతుంది. కొత్తకోడలు ఎవరైనా ఉంటే మాత్రం తలెత్తదు.

నా పెళ్ళయిన మొదటి శ్రావణంలో నేనూ అలా తలొంచుకుని విన్నదాన్నే. లక్ష్మీదేవి ఇంటింటికీ తిరిగి కోడళ్ళకు మార్కులు వేసి, కుండినపురంలో ఫస్టొచ్చిన అమ్మాయికి కల్లో కనిపించి బహుమతి ఇచ్చిందన్నట్టుండేది నాకు ఆ కథ. ఏటా చదవగా చదవగా తెలిసిందేమిటంటే, ఆ సుగుణాల పట్టీ రెండు మూడు వాక్యాలే. అసలు కథంతా ఆ తర్వాతే ఉంది. మనం పట్టీ దగ్గరే ఆగిపోయాం.

అమ్మవారు చారుమతి కల్లోకి వచ్చింది. మొగుడి కల్లోకి రాలేదు, మామగారి కల్లోకీ రాలేదు. శ్రావణ పూర్ణిమకు ముందొచ్చే శుక్రవారం నన్ను పూజించు, కోరిన వరాలిస్తానని నేరుగా ఆమెతోనే చెప్పింది. "నమస్తే సర్వలోకానాం జనన్యై పుణ్యమూర్తయే" అని చారుమతి ఆ కల్లోనే స్తోత్రం చేసింది. లేచి ఇంట్లో చెబితే, మంచి కల, తప్పకుండా చెయ్యమన్నారు. కథలో ఇంట్లోవాళ్ళ పాత్ర అంతటితో సరి. ఊళ్ళో ఆడవాళ్ళకు సంగతి తెలిసింది, వాళ్ళూ ఆ శుక్రవారం కోసం ఎదురుచూశారు. అందరూ చారుమతి ఇంట్లోనే చేరి ఒకే కలశం ముందు కూర్చున్నారు. మొదటి ప్రదక్షిణకు కాళ్ళకు గజ్జెలు ఘల్లుమన్నాయి, రెండోదానికి చేతులకు నవరత్నాల కంకణాలు వచ్చాయి, మూడోదానికి ఒళ్ళంతా నగలు. ఎవరి కాళ్ళకు? అక్కడున్న అందరి కాళ్ళకూ. కల వచ్చింది ఒక్కదానికి, గజ్జెలు మాత్రం అందరికీ. నా మటుకు నాకు చారుమతి గొప్పతనం ఇదే. తలుపేసుకుని తనొక్కతే చేసుకుంటే అడిగేవాళ్ళెవరు?

ఇంత చదివిన నేను, కథ వినడానికి ఎవరెవరు కూర్చున్నారో చూసుకునేదాన్ని గానీ, ఎవరు కూర్చోలేదో చాలా ఏళ్ళు చూసుకోలేదు. మా పిన్ని పక్కవీధిలోనే ఉంటుంది. బాబాయి పోయి తొమ్మిదేళ్ళు. వ్రతం రోజు అందరికంటే ముందు వచ్చేది ఆవిడే, తెల్లవారుజామున నాలుగున్నరకల్లా. బూరెలకు ఆవిడ చెయ్యి పడాల్సిందే. తోపు పలచనైతే మూకుట్లో పూర్ణం బయటపడి నూనంతా పాడవుతుంది. పిన్ని పిండిని వేలితో ఒకసారి ఎత్తి, జారుతున్న తీరు చూసి, గుప్పెడు బియ్యప్పిండి చల్లుతుంది. అంతే, ఇక ఒక్క బూరె పగలదు. అమ్మవారికి పెట్టేవన్నీ ఆవిడ చేతిమీదుగా తయారవుతాయి. తీరా పూజ మొదలయ్యేసరికి ఆవిడ వంటింట్లోనే ఉండిపోతుంది. ఎవరూ వద్దనరు, రమ్మనీ అనరు. కాళ్ళకు పసుపు రాసి, శనగలు, తాంబూలం, జాకెట్టు ముక్క పంచేటప్పుడు ఆవిడ పేరు ఎవరి నోటా రాదు. ఆవిడ చేతి బూరె అమ్మవారికి పనికొస్తుంది, ఆవిడ చెయ్యి మాత్రం తోరానికి పనికిరాదు.

కథ మొదట్లో పార్వతీదేవి అడిగింది లోకంలో స్త్రీలు ఏ వ్రతం చేస్తే సుఖంగా ఉంటారని. స్త్రీలు అంది, అంతే. కందుకూరి వీరేశలింగం గారు రాజమండ్రిలో తొలి వితంతు వివాహం జరిపించింది 1881 డిసెంబరు 11న. ఆ ఊరు మాకు బస్సులో గంట ప్రయాణం. పెళ్ళికే సరేనన్నవాళ్ళం తాంబూలం దగ్గర ఆగిపోయాం.

పూజలో అలాంటివాళ్ళ చెయ్యి ఎందుకూ అనేవాళ్ళకు నేను తిరుమల గుర్తు చేస్తాను. రాత్రి ఏకాంతసేవలో స్వామికి "తాళ్ళపాకవారి లాలి, తరిగొండవారి హారతి" అంటారు కదా. లాలి అన్నమయ్యది. ముత్యాల హారతి తరిగొండ వెంగమాంబది. 1730లో పుట్టిన ఆ తల్లి చిన్నవయసులోనే భర్తను పోగొట్టుకుంది. తల గొరిగించుకోమంటే ససేమిరా అంది. శ్రీనివాసుడే నా భర్త అంటూ పసుపుకుంకుమలు వదల్లేదు. ఊరివాళ్ళు పెట్టిన బాధ తక్కువేమీ కాదు. ఆవిడ కొండకెళ్ళి వేంకటాచల మాహాత్మ్యం రాసింది, ద్విపదలో భాగవతం రాసింది. ఇవాళ తిరుమలలో మనం అన్నప్రసాదం తినే భవనానికి ఉన్నది ఆవిడ పేరే. "ఆవిడంటే మహాభక్తురాలు కాబట్టి చెల్లింది, మామూలు ఆడవాళ్ళకు కుదురుతుందా" అంటుంది మా తోడికోడలు. ఊరు వేధించిన నాడు ఆవిడా మామూలు ఆడదే కదా!

ఇక తోరం. తొమ్మిది పోగులు, తొమ్మిది ముళ్ళు. కట్టుకునేటప్పుడు చదివే శ్లోకం అందరికీ నోటికొచ్చిందే:

బధ్నామి దక్షిణే హస్తే నవసూత్రం శుభప్రదం
పుత్రపౌత్రాభివృద్ధిం చ సౌభాగ్యం దేహి మే రమే

కుడిచేతికి ఈ తోరం కట్టుకుంటున్నాను, కొడుకులనూ మనవళ్ళనూ సౌభాగ్యాన్నీ ఇవ్వు తల్లీ అని. నాకు ఇద్దరూ ఆడపిల్లలే. పుత్ర శబ్దంలో కూతురు కూడా కలిసొస్తుంది, పాణిని సూత్రమే ఉంది అని మా పెదనాన్న సర్దిచెబుతారు. సర్దిచెప్పాల్సి రావడమే నాకు నచ్చదు.

అయితే ఆ శ్లోకం కంటే ముందు ముళ్ళకు పూజ ఉంది. హడావిడిలో గబగబా చదివేస్తాం గానీ, నాకు అదే ఇష్టం. ఒక్కో ముడికి ఒక్కో పేరు. కమల, రమ, లోకమాత, విశ్వజనని, మహాలక్ష్మి, క్షీరాబ్ధితనయ, విశ్వసాక్షిణి, చంద్రసోదరి, హరివల్లభ. ఆఖరిది కొన్ని పుస్తకాల్లో వరలక్ష్మి అని ఉంటుంది. అమ్మవారిని తల్లి అన్నారు, పాలసముద్రం కూతురన్నారు, చంద్రుడి తోబుట్టువన్నారు. భార్యగా పిలిచింది మాత్రం ఒక్క ముడిలో, అదీ చివర. సౌభాగ్యమంటే మొగుడుండడమే అని మనం కుదించుకున్నాం గానీ, ముళ్ళు కట్టినవాళ్ళు అలా కుదించలేదు. ఏడో ముడి దగ్గర నేను ప్రతి ఏడూ కాస్త ఆగుతాను. విశ్వసాక్షిణ్యై నమః. అన్నీ చూస్తూ ఉండే తల్లి. హాల్లో కలశం దగ్గర కూర్చుని చూస్తున్నప్పుడు ఆవిడకు వంటిల్లు కనపడదా?

ఈసారి కథ అయ్యాక పళ్ళెంలోంచి ఒక తోరం తీసుకుని వంటింట్లోకి వెళ్ళాను. పిన్ని ఆఖరి వాయి తీస్తోంది. చెయ్యి ఇలా ఇవ్వమంటే "పిండిచెయ్యే" అంది. తర్వాత నా చేతిలో ఏముందో చూసింది. "నాకెందుకే ఇవన్నీ? వాళ్ళేమైనా అనుకుంటారు, వెళ్ళు నువ్వు." స్టవ్ నేనే ఆపాను. పైటచెంగుతో చెయ్యి తుడుచుకుంది, చాలాసేపు తుడుచుకుంటూనే ఉంది. కట్టాను. శ్లోకం చదవలేదు, ఏడో ముడి పేరు ఒక్కటే అన్నాను.

హాల్లోంచి పెద్దావిడ ఒకరు వాయనం తీసుకోకుండానే లేచి వెళ్ళిపోయారు. అదీ చెప్పాలి కదా. "నావల్లే" అంటూ పిన్ని ఆరోజు సరిగ్గా అన్నం తినలేదు. నేను చేసింది మంచిపనో తొందరపాటో అని నాకూ రెండ్రోజులు ఒకటే టెన్షన్.

మంగళవారం సాయంత్రం ఫోన్ చేసింది.

"అమ్మాయ్, అంట్లు తోముతుంటే తోరానికున్న పసుపంతా పోయిందే. మళ్ళీ కాస్త రాసుకోవచ్చంటావా?"