నెట్ కెమికల్ సైన్సెస్: నన్ను గట్టెక్కించిన అమైనో ఆమ్లాలు

రిజల్ట్ వచ్చింది, జేఆర్ఎఫ్ (నెట్ ద్వారా వచ్చే రీసెర్చ్ ఫెలోషిప్) క్లియర్ అయింది. అప్పటి నుంచి "ఏం చదివావ్, ఎలా చదివావ్" అని మెసేజ్‌లు వస్తూనే ఉన్నాయి. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే ఓపిక లేదు కాబట్టి అందరికీ కలిపి ఇక్కడే రాసేస్తున్నా. ఆర్గానిక్, స్పెక్ట్రోస్కోపీ గురించి ఏమీ రాయను, అందరూ చదివినట్టే చదివాను, పాత పేపర్లు చేశాను, అంతే. నేను రాసేది ఒక్క టాపిక్ గురించి, అమైనో ఆమ్లాలు లోహాలతో కట్టే కాంప్లెక్సులు (లోహ అయాన్‌ని అణువులు పట్టుకుని కట్టే జోడీలు). "దాంట్లోంచి వచ్చేది ఒకటో రెండో ప్రశ్నలు, దానికింత టైమా" అని ఎగతాళి చేసినవాళ్లకి ఇది జవాబు కూడా.

మామూలుగా మనం బయోఇనార్గానిక్‌ని (జీవుల్లో లోహాల కెమిస్ట్రీ) పట్టికలా చదువుతాం, ఏ ప్రోటీన్‌లో ఏ లోహాన్ని ఏ అమైనో ఆమ్లాలు పట్టుకుంటాయో అని. కార్బోనిక్ అన్‌హైడ్రేజ్‌లో జింక్‌కి మూడు హిస్టిడిన్లు, ప్లాస్టోసయనిన్‌లో కాపర్‌కి రెండు హిస్టిడిన్లు, ఒక సిస్టీన్, ఒక మెథియోనిన్, రుబ్రెడాక్సిన్‌లో ఐరన్‌కి నాలుగు సిస్టీన్లు. పరీక్ష ముందు రోజు రాత్రికి అన్నీ కలిసిపోతాయి. నాకు దారి దొరికింది ఒక చిన్న ప్రాక్టీస్ ప్రశ్న దగ్గర: గ్లైసిన్ ద్రావణంలో కాపర్ సల్ఫేట్ కలిపితే పీహెచ్ ఎందుకు పడిపోతుంది?

నీళ్లలో గ్లైసిన్ జ్విట్టర్ అయాన్‌గా (ఒకే అణువు మీద ప్లస్, మైనస్ రెండూ) ఉంటుంది. కార్బాక్సిల్ పీకేఏ (సగం ప్రోటాన్లు వదిలేసే పీహెచ్) 2.34, అమ్మోనియం పీకేఏ 9.60, అంటే పీహెచ్ 7 దగ్గర నైట్రోజన్ మీద ప్రోటాన్ కూర్చునే ఉంది. కాపర్‌కి కావాల్సింది సరిగ్గా ఆ నైట్రోజన్ లోన్ పెయిరే (బంధంలో లేని ఎలక్ట్రాన్ జత), కానీ ఆ సీటు మీద ప్రోటాన్ ముందే కర్చీఫ్ వేసేసింది. కాపర్ వచ్చి ప్రోటాన్‌ని లేపేసి, ఇటు నైట్రోజన్, అటు కార్బాక్సిలేట్ ఆక్సిజన్ పట్టుకుని ఐదు సభ్యుల కీలేట్ చక్రం కడుతుంది. ద్రావణంలోకి వచ్చిపడిన ఆ ప్రోటానే పీహెచ్‌ని దించేది. గ్లైసిన్‌ని ఒంటరిగా ఎన్ఏఓహెచ్‌తో టైట్రేట్ చేసిన గ్రాఫు, కాపర్ కలిపి చేసిన గ్రాఫు పక్కపక్కన పెడితే రెండో గీత కిందికి జారి కనిపిస్తుంది, ఆ జారినంత మేర లెక్కగట్టే స్టెబిలిటీ కాన్‌స్టెంట్ (లోహం ఎంత గట్టిగా బైండ్ అయిందో చెప్పే సంఖ్య) తీస్తారు.

ఇంతే కదా అనిపిస్తుంది. కానీ ఇక్కడి నుంచి లెక్క వేసి చూడండి. పీహెచ్ 7లో గ్లైసిన్ నైట్రోజన్ ఖాళీగా ఉండే భాగం 10 పవర్ మైనస్ 2.6, అంటే పావు శాతం మాత్రమే. కాపర్‌తో లాగ్ కె1 (మొదటి గ్లైసిన్ స్టెబిలిటీ కాన్‌స్టెంట్‌కి లాగ్) దాదాపు 8.2, ఖాళీ నైట్రోజన్ తక్కువ కాబట్టి అందులోంచి 2.6 తీసేసినా 5.6 మిగులుతుంది, బ్రహ్మాండంగా బైండ్ అవుతుంది. నికెల్‌కి 5.8, జింక్‌కి 5, తీసేస్తే 3 చుట్టుపక్కల మిగులుతాయి. మాంగనీస్ దగ్గరికొచ్చేసరికి మిగిలేది దాదాపు ఏమీ ఉండదు. ఇర్వింగ్-విలియమ్స్ సిరీస్‌ని (ఏ లోహం ఎంత గట్టిగా బైండ్ అవుతుందో చెప్పే వరస) పద్యంలా అప్పజెప్పే బదులు ఈ తీసివేత ఒక్కసారి చేయండి, అది జన్మలో మర్చిపోరు.

ఇప్పుడు హిస్టిడిన్. ఇమిడజోల్ పీకేఏ 6, పీహెచ్ 7లో తొంభై శాతం పైగా ఖాళీ. పైగా ప్రోటీన్ లోపల అమైన్, కార్బాక్సిల్ రెండూ పెప్టైడ్ బంధంలో ఇరుక్కుపోయాయి కాబట్టి లోహానికి ప్రధానంగా దొరికేవి సైడ్ చెయిన్లే. ఎంజైముల్లో ఎటు చూసినా హిస్టిడిన్ ఎందుకు కనిపిస్తుందో దీంతో సగం అర్థమైపోతుంది, లైసిన్ ఎందుకు అరుదో కూడా (దాని పీకేఏ 10.5, ప్రోటాన్ వదలదు). సిస్టీన్ థయోల్ పీకేఏ 8.3, సల్ఫర్ సాఫ్ట్ (ఎలక్ట్రాన్ మేఘం సులువుగా వంగేది), సాఫ్ట్‌కి సాఫ్ట్ లోహాలే ఇష్టం, అందుకే మెర్క్యురీ, కాడ్మియం అంటే ప్రాణం. కానీ కాపర్ 2+తో జాగ్రత్త, సిస్టీన్ దాన్ని రిడ్యూస్ చేసి కాపర్ 1+ చేసి తను సిస్టిన్‌గా మారిపోతుంది, ఆప్షన్లలో ఇది పెట్టి ఏమారుస్తారు.

కార్బోనిక్ అన్‌హైడ్రేజ్‌దీ ఇదే కథ. అక్కడ జింక్ ప్రోటాన్‌ని లాగేది నీటి నుంచి, ఆ నీటి పీకేఏ 7 దాకా దిగిపోతుంది, హైడ్రాక్సైడ్ తయారై కార్బన్ డయాక్సైడ్ మీద పడుతుంది. బైయూరెట్ టెస్ట్‌లో (ప్రోటీన్‌ని గుర్తించే పరీక్ష) ఊదా రంగు కూడా అంతే, కాపర్ పెప్టైడ్ నైట్రోజన్ మీది ప్రోటాన్‌ని తీసేసి అక్కడ కూర్చుంటుంది, అందుకే విడి గ్లైసిన్‌తో ఆ రంగు రాదు.

ఇంత లోతు అక్కర్లేదని చాలామంది అంటారు. అంటే అననివ్వండి. ఈ టాపిక్ మీద పెట్టిన టైము నాకు ఇనార్గానిక్ మొత్తంలో పనికొచ్చింది, ఈడీటీఏ (లోహాన్ని చాలా చోట్ల పట్టుకునే కీలేటర్) టైట్రేషన్, కీలేట్ ఎఫెక్ట్, హెచ్ఎస్ఏబీ (హార్డ్-సాఫ్ట్ యాసిడ్-బేస్ సూత్రం), ఒంట్లో కాపర్ పేరుకుపోయే విల్సన్స్ జబ్బులో పెనిసిలమైన్ ఎందుకిస్తారో అన్నీ ఇక్కడికే వచ్చి కలిశాయి. పార్ట్ సిలో ప్రశ్నకి నాలుగు మార్కులు, నెగెటివ్ ఒకటి, అక్కడ సగం తెలిసిన పది టాపిక్‌లు మిమ్మల్ని ముంచుతాయి. రోజుకో కొత్త పీడీఎఫ్ డౌన్‌లోడ్ చేసుకుని, ఎవరి కటాఫ్ ఎంతని చర్చలు పెట్టుకుని, చదవడం మాత్రం రేపటికి వాయిదా వేసేవాళ్లకి నేనేం చెప్పినా ఉపయోగం లేదు. టెన్షన్ నాకూ ఉండేది. టెన్షన్ ఉన్నా టేబుల్ దగ్గర కూర్చున్నాను, తేడా అదే, ఇందులో గొప్ప చెప్పుకునేదేం లేదు (కొంచెం ఉందిలెండి).

అమైనో ఆమ్లాలు లోహాలు కాని వాటితో కలిసే సంగతులు త్వరగా చూసేయండి. 18-క్రౌన్-6 (ఆక్సిజన్లున్న పెద్ద రింగు) పట్టుకునేది ప్రోటాన్ ఉన్న అమ్మోనియంని, అంటే పీహెచ్ లాజిక్ ఇక్కడ తిరగబడుతుంది. సైక్లోడెక్స్‌ట్రిన్ (చక్కెర అణువుల రింగు) గుంటలో ఫినైలలనైన్ బెంజీన్ రింగు దూరుతుంది. అమైనో ఆమ్లాల్ని గుర్తించే నిన్‌హైడ్రిన్ ఊదా 570 నానోమీటర్లు, ప్రొలీన్‌కి పసుపు 440, ఇది కాంప్లెక్స్ కాదు, కోవలెంట్ రియాక్షన్, కలిపేయకండి.

కాంప్లెక్సుల ఐసోమర్లు (అవే అణువులు, అమరిక వేరు) మాత్రం కాగితం మీద గీయాల్సిందే. కాపర్ గ్లైసినేట్‌లో సిస్, ట్రాన్స్ రెండూ వస్తాయి, ముందు స్ఫటికాలు కట్టేది సిస్, వేడి చేస్తే ట్రాన్స్ అవుతుంది. ట్రిస్ గ్లైసినేటో కోబాల్ట్ 3+కి ఫేసియల్ (మూడు నైట్రోజన్లు ఒకే ముఖం మీద), మెరిడియనల్ (ఒకే అడ్డగీత మీద), ఒక్కోదానికీ డెల్టా, లాంబ్డా (కుడి, ఎడమ మెలికలు), మొత్తం నాలుగు, రెండు ఎనాన్షియోమర్ (అద్దంలో ప్రతిబింబాలు) జతలు. గ్లైసిన్ తీసేసి ఎల్-అలనైన్ పెట్టండి. ఇప్పుడూ నాలుగే, కానీ ఏ రెండూ ఎనాన్షియోమర్లు కావు, అన్నీ డయాస్టీరియోమర్లే (ప్రతిబింబాలు కాని స్టీరియోఐసోమర్లు). ఎందుకో గీసి చూసుకోండి, నేను గీసి పెట్టను.