తుప్పు తిన్న కన్వర్టర్ మార్పిడి: తక్కువ ఖర్చులో ఇంతవరకు జరిగిన పని

అమెరికాలోని ఉత్తర ఒహాయోలో చలికాలమంతా మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పునీరు మా 2006 టొయోటా కొరొల్లా కారు అడుగుభాగాన్ని ఏళ్ల తరబడి తింటూ వచ్చింది. చెక్ ఇంజిన్ దీపం వెలిగి పీ0420 కోడ్ (కన్వర్టర్ సరిగా పనిచేయడం లేదని కారు చెప్పే సంకేతం) కనిపించగానే, ఇంజిన్ పొగలోని విషవాయువులను తగ్గించే ఆ క్యాటలిటిక్ కన్వర్టర్‌ను కొనేయకుండా ముందు కారు కిందికి దూరి చూశాను. ఎందుకంటే పొగ వెళ్లే పైపు అతుకులో సందు ఏర్పడి బయటిగాలి చొరబడినా పొగలోని ఆక్సిజన్‌ను కొలిచే సెన్సర్లు తప్పుడు రీడింగు ఇచ్చి ఇదే కోడ్ రావచ్చు, అప్పుడు అతుకు మధ్య వేసే చవకైన గ్యాస్కెట్‌తోనే పని తీరిపోతుంది. మా కారుకు ఆ అదృష్టం లేదు. కన్వర్టర్ తొడుగుకే చిల్లు పడింది, పైపులను బోల్టులతో కలిపే వెనుక ఫ్లాంజ్ (చివరి పళ్లెం) వేలితో గీకితే పొరలుగా రాలింది. ఇంజిన్ ఆయిల్ తాగడం లేదనీ, మిస్‌ఫైర్ (సిలిండర్‌లో ఇంధనం సరిగా మండకపోవడం) లేదనీ తేల్చుకున్నాకే ఆర్డర్ పెట్టాను. వాటిలో ఏది ఉన్నా కొత్త కన్వర్టర్ కూడా ఎక్కువ కాలం నిలవదు.

గ్యారేజీలో 900 డాలర్లకు పైగా అడిగారు. పైపుకు వెల్డింగ్ చేసి అతికించే యూనివర్సల్ రకం చవకే గానీ, వెల్డింగ్ యంత్రం లేనివారికి ఆ మిగులు కూలికే సరిపోతుంది. అందువల్ల బోల్టులతో బిగించే డైరెక్ట్ ఫిట్ రకాన్ని సుమారు 170 డాలర్లకు తెప్పించాను. కొనేముందు బానెట్ కింద ఉన్న ఉద్గారాల లేబుల్ చదవాలి. కాలిఫోర్నియా ప్రమాణాలతో వచ్చిన బండికి వేరే కన్వర్టర్ కావాలి, దాని ధర చాలా ఎక్కువ. కన్వర్టర్ బదులు ఖాళీ పైపు వేసుకొమ్మనేవారు ఉంటారు, కానీ అది ఇక్కడి సమాఖ్య చట్టానికి విరుద్ధం.

అసలు శ్రమంతా పాతది ఊడదీయడంలోనే ఉంది. కారును జాక్ స్టాండ్ల మీద నిలిపి, మరలు కనబడేదాకా వైర్ బ్రష్‌తో రుద్ది, తుప్పులోకి ఇంకే పెనెట్రేటింగ్ ఆయిల్ చల్లి రాత్రంతా వదిలేశాను. మర్నాడు ఆ ఆయిల్‌ను పూర్తిగా తుడిచి, పెట్రోల్ గొట్టాలకు దూరంగా ఉండేలా చూసుకొని నట్లను గ్యాస్ మంట టార్చ్‌తో ఎర్రబడేదాకా వేడిచేశాను. ఒకేసారి విప్పబోతే బోల్టు తెగుతుంది; రవ్వంత బిగించి, రవ్వంత వదులు చేస్తూ పోతే తుప్పు పొడిపొడిగా రాలుతూ నట్టు కదులుతుంది. అయినా ముందువైపు స్ప్రింగ్ బోల్టు ఒకటి తెగింది. దాన్ని డ్రిల్లుతో తొలిచి, ఆ రంధ్రంలోనే బోల్టూ నట్టూ వేశాను. ఆక్సిజన్ సెన్సర్‌ను ఇంజిన్ గోరువెచ్చగా ఉన్నప్పుడు, తీగ పట్టేలా చీలిక ఉన్న 22 ఎం.ఎం. సాకెట్‌తో విప్పాను.

వెనుక ఫ్లాంజ్ పోయినా పైపు అంచు గట్టిగానే ఉంది కనుక, రెండు ముక్కలుగా వచ్చే స్ప్లిట్ ఫ్లాంజ్ కొద్ది డాలర్లతో సరిపోయింది. గ్యాస్కెట్లు, బోల్టులు మాత్రం కొత్తవే వేశాను. వాటి దగ్గర పొదుపు చేయడం తెలివితక్కువ. సెన్సర్ మరలకు అవి బిగుసుకుపోకుండా ఉంచే యాంటీసీజ్ పూత పూశాను, కొనకు అంటనివ్వలేదు. చల్లని ఇంజిన్‌ను ఆరుబయట స్టార్ట్ చేసి అతుకుల మీద సబ్బునీళ్లు చల్లితే బుడగలు రాలేదు. మొదట కాసేపు వచ్చిన పొగ లోహానికి అంటిన నూనెదే.

కోడ్ తుడిచేశాను. కారులోని కన్వర్టర్ స్వీయపరీక్ష ఇంకా పూర్తి కాలేదు కాబట్టి క్లీవ్‌లాండ్ ప్రాంతపు ఉద్గార తనిఖీకి ఇప్పుడే వెళ్లను. తర్వాత మార్చాల్సింది మఫ్లర్‌ను పట్టి ఉంచే రబ్బరు హ్యాంగర్.