కాలిన ఆయిల్ వడపోత: మడ్డి పోతుంది, బూడిద పోదు

ట్రాక్టర్ షెడ్డు నడిపేవాడికి పైసలకు కరువు ఉండొచ్చు గానీ కాలిన ఆయిల్‌కు ఉండదు. నల్లగొండ జిల్లా హాలియా చుట్టుపక్కల ఏ ట్రాక్టర్ సర్వీసుకొచ్చినా ఆరేడు లీటర్లు నల్లగా కిందికి దిగుతుంది. సెంట్రింగ్ రేకులకు పూయడానికి మేస్త్రీలు కొంత పట్టుకుపోతారు, కంచె గుంజలకు చెద పట్టకుండా రైతులు కొంత అడుగుతారు, మిగతాది ఆటోలో డబ్బాలు వేసుకుని వచ్చేవాళ్లు కొనుక్కుపోతారు, అది తర్వాత ఏమవుతుందో అడిగినా చెప్పరు.

ఇంకోపక్క మా చిన్నాన్న పొలం దగ్గర ఒక పాత లిస్టర్ రకం ఆయిల్ ఇంజన్ ఉంది. ఒకటే సిలిండరు, పెద్ద ఫ్లైవీలు, నిమిషానికి 850 తిరుగుళ్లు. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు వచ్చాక మా దగ్గర ఇలాంటి ఇంజన్లన్నీ మూలకు పడ్డాయి. కానీ యాసంగిలో నీళ్లు అందాల్సిన సమయానికే ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతే, సాగర్ ఎడమ కాలువ చివరి భూములోళ్లకు మళ్లీ ఆ ఇంజనే దిక్కు. డీజిల్ లీటరు 95 రూపాయల పైనే ఉంది. వేడినిచ్చే శక్తిలో కాలిన ఆయిల్ డీజిల్‌కు పెద్దగా తీసిపోదు, కిలోకు దగ్గర దగ్గర 10,000 కిలోకేలరీలు. అందుకే దాన్ని శుభ్రం చేసి ఆ ఇంజన్‌లో డీజిల్‌లో కలిపి వాడదామని వడపోత డ్రమ్ము పెట్టాను.

వీడియోలు చూసినవాళ్లందరూ ముందు అడిగేది “ఎన్ని మైక్రాన్ల ఫిల్టర్ పెట్టావన్నా?” అని. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు, ఎంత సన్న నలుసును ఆపుతుందో చెప్పే కొలత. ఫిల్టర్ చివరి సంగతి. అసలు పనంతా దానికి ముందే, ఆయిల్‌ను తేరనివ్వడంలో, నీళ్లు తీయడంలో ఉంది. ఇది పట్టించుకోకుండా ఖరీదైన కార్ట్రిడ్జిలు కొంటే ఒక డబ్బా పోయకముందే జామ్ అయి కూర్చుంటాయి.

మొదట ఏ ఆయిల్ తీసుకోవాలో చూసుకోవాలి. డీజిల్ ఇంజన్ నుంచి దించింది, హైడ్రాలిక్‌ది, ఇవి పనికొస్తాయి, హైడ్రాలిక్ అయితే ఇంకా శుభ్రంగా ఉంటుంది. బ్రేక్ ఆయిల్ ఒక్క గ్లాసు కూడా కలవనివ్వొద్దు, పేరుకే అది ఆయిల్, నిజానికి గ్లైకాల్, మిగతా ఆయిల్‌లో కలవదు, సీళ్లను ఉబ్బిస్తుంది. హెడ్ గాస్కెట్ పోయిన ఇంజన్‌లోంచి పాలు ఎక్కువైన టీ రంగులో వస్తుందే, కూలెంట్ కలిసిన ఆయిల్, అది కూడా వద్దు. బైకుల ఆయిల్‌లో పెట్రోలు కలిసి ఉండే అవకాశం ఉంది కాబట్టి వేడి చేసే పనికి నేను దాన్ని దూరంగా ఉంచుతాను.

తేర్చే డ్రమ్ము మామూలు 200 లీటర్లదే. అడుగున ఒక బాల్ వాల్వు, అది మడ్డికి. అడుగు నుంచి జానెడు ఎత్తులో ఇంకొకటి, అది మంచి ఆయిల్‌కు. బయట నల్ల రంగు వేసి రేకుల షెడ్డు పక్కన ఎండలో నిలబెట్టాను. నల్లగొండ ఎండను తిట్టుకోని మనిషి ఉండడు గానీ ఈ పనికి మాత్రం అది వరం. డీజిల్ ఇంజన్లలో మామూలుగా పోసే 15డబ్ల్యూ40 రకం ఆయిల్ 40 డిగ్రీల దగ్గర డీజిల్ కంటే పాతిక ముప్పై రెట్లు చిక్కగా ఉంటుంది, వేడెక్కేకొద్దీ పలచబడుతుంది, 100 డిగ్రీలకు వచ్చేసరికి ఆ చిక్కదనంలో ఏడెనిమిదో వంతే మిగులుతుంది. ఎంత పలచనైతే అందులోని నలుసు అంత త్వరగా అడుగుకు చేరుతుంది. మే నెలలో డ్రమ్ము మీద చెయ్యి పెట్టలేం, ఆ నెలలో తేరినంత బాగా డిసెంబరులో తేరదు.

అయితే ఎన్ని నెలలు ఉంచినా ఆయిల్ నల్లగానే ఉంటుంది, దీనికి కారణం తెలిస్తే చాలా టెన్షన్ తగ్గుతుంది. ఇంజన్ ఆయిల్ తయారుచేసేటప్పుడే అందులో డిస్పర్సెంట్ అనే మందు కలుపుతారు. మసి ముద్దకట్టి ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే సంపులో పేరుకోకుండా, రేణువు రేణువుగా విడదీసి ఆయిల్‌లోనే తేలేలా పట్టుకోవడం దాని పని. ఇంజన్‌లో ఉన్నప్పుడు మనకు మేలు చేసిన ఆ మందే ఇక్కడ అడ్డం తిరుగుతుంది. మసి రేణువు ఒక మైక్రాన్ కంటే చిన్నది, మన వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు, ఇక గుడ్డేం ఆపుతుంది, కాగితమేం ఆపుతుంది. కాబట్టి రంగు చూసి శుభ్రత లెక్కకట్టొద్దు.

నీళ్ల సంగతి వేరు, అవి ఉంటే తెలిసిపోతుంది. పాత పెనం బాగా వేడిచేసి ఒక్క చుక్క వేయాలి. నీళ్లు ఉంటే చిటపటమని పైకి చిమ్ముతుంది, లేకపోతే చుక్క చప్పుడు లేకుండా పరుచుకుని సన్నగా పొగ వస్తుంది. కళ్లకు అద్దాలు పెట్టుకోండి, నవ్వులాట కాదు. నీళ్లు ఎందుకింత ముఖ్యమంటే, ఫ్యూయల్ పంపులో డీజిల్‌ను నెట్టే ప్లంజర్‌కు, అది కదిలే గొట్టం బ్యారెల్‌కు మధ్య సందు రెండు మూడు మైక్రాన్లే, అక్కడికి నీళ్లు చేరి తుప్పు పట్టిందా పంపు పని అయిపోయినట్టే. మట్టి అరగదీయడానికి సమయం తీసుకుంటుంది, నీళ్లు అంత ఓపిక పట్టవు.

వేడి చేయడానికి కింద మంట పెట్టేవాళ్లను చూశాను. దయచేసి ఆ పని చేయొద్దు. అడుగున ఉన్న నీళ్లు ఒక్కసారిగా ఆవిరైతే పదిహేను వందల రెట్లకు మించి ఉబ్బుతాయి, ఆయిల్ మొత్తం నురగై మంట మీదికి పొంగుతుంది. నేను చేసిందేమిటంటే డ్రమ్ములో చిన్న డ్రమ్ము. బయటి దాంట్లో నీళ్లు, ఆ నీళ్లలో గీజర్ కాయిల్, దానికి ఎర్తింగు, కట్ అయ్యే థర్మోస్టాటు. లోపలి దాంట్లో సగానికి మించకుండా ఆయిల్, మూత బిగించకుండా. ఇలా అయితే ఆయిల్ ఎప్పటికీ 100 డిగ్రీలు దాటదు. వేడి ఎక్కిన ఆయిల్‌ను రాత్రంతా కదపకుండా ఉంచితే పొద్దున అడుగు వాల్వు నుంచి ముందు నీళ్లు, తర్వాత బురద లాంటి మడ్డి దిగుతాయి.

ఆ తర్వాతే వడపోత. ముందు పాత జీన్స్ ప్యాంటు కాలు కుట్టిన సంచి, తర్వాత వరుసగా రెండు ట్రాక్టర్ డీజిల్ ఫిల్టర్లు. పంపుతో నెట్టను, ఆరడుగుల ఎత్తు నుంచి తనంతట తానే దిగాలి. ఒత్తిడి పెడితే కాగితం ఎక్కడో చిరుగుతుంది, బయటికి మాత్రం అంతా బాగానే కనిపిస్తుంది. పైపు బయట ఒక పాత స్పీకర్ అయస్కాంతం కట్టాను. ఇనుప పైపు కాదు, ప్లాస్టిక్‌దే, లేకపోతే దాని పట్టు లోపలికి అందదు. అప్పుడప్పుడు ఆ ముక్క విప్పి చూస్తే లోపలి గోడకు బూడిదరంగు నూగు అతుక్కుని ఉంటుంది. వేలితో రుద్దితే కాటుకలా మెత్తగా, వెలుతురులో పెడితే సన్నగా మెరుస్తూ. అదంతా ఎవరిదో రింగులు, లైనరు అరిగిన పొడి.

ఇంత చేశాక కూడా పోనిది ఒకటుంది. ఇది మన జిల్లావాళ్లకు చెప్పడం తేలిక. బోరు నీళ్లను ఎంత మందం గుడ్డతో వడగట్టినా ఫ్లోరైడ్ పోయిందా? కరిగి ఉన్నది గుడ్డకు చిక్కదు, అందుకే నాగపూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరి (NEERI) వాళ్లు పటిక, సున్నం వేసి దాన్ని అడుగుకు దించే పద్ధతి తయారుచేసి దానికి మన నల్లగొండ పేరే పెట్టారు. ఆయిల్‌లో కలిపిన కాల్షియం, జింకు, ఫాస్ఫరస్ మందులు కూడా అంతే, కరిగి ఉంటాయి. కాలినప్పుడు అవి బూడిదై వాల్వుల మీద, పిస్టన్ తల మీద, డీజిల్ చిమ్మే నాజిల్ మూతి దగ్గర కూర్చుంటాయి. అందుకే ఒట్టి కాలిన ఆయిల్‌తో నడపను. డీజిల్‌లో ఐదో వంతుకు మించి కలపను, స్టార్టు చేసేది ఒట్టి డీజిల్‌తోనే, ఆపే ముందు కూడా కాసేపు ఒట్టి డీజిల్ మీదే తిప్పి లైను కడుగుతాను. పొగ కాస్త ఎక్కువే. నాజిల్ విప్పి తుడవడం ఎక్కువైంది, ఈ ఇంజన్‌కు అది రెండు నట్ల పని కాబట్టి సరిపోయింది.

“నా కొత్త ట్రాక్టర్‌లో పోయొచ్చా తమ్మీ?” అని అడిగినవాళ్లందరికీ ఒకటే జవాబు, వద్దు. 2023 నుంచి 50 హెచ్‌పీ దాటిన కొత్త ట్రాక్టర్లకు పొగ నిబంధనలు మారాయి, కామన్ రైలు వచ్చింది, అంటే అన్ని ఇంజెక్టర్లకూ ఒకే గొట్టంలోంచి పెద్ద ఒత్తిడితో డీజిల్ అందించే పద్ధతి, అందులో ఒత్తిడి వెయ్యి బార్ దాటుతుంది, మా ఆయిల్ ఇంజన్ నాజిల్ అందులో ఐదో వంతుకే తెరుచుకుంటుంది. ఆదా అయిన డీజిల్ డబ్బులు ఒక్క ఇంజెక్టర్‌కు కూడా చాలవు. పాత మెకానికల్ పంపు ట్రాక్టర్‌లో నడుస్తుంది అనేవాళ్లు ఉన్నారు, నడుస్తుంది కూడా, కానీ నా దగ్గరికి రిపేరుకొచ్చే బండిలో నేను పోయను.

ఇంకో మాట, కాలిన ఆయిల్ చట్టం ప్రకారం ప్రమాదకర వ్యర్థం, 2016 నిబంధనల్లో ఉంది. రిజిస్టర్డ్ రీసైక్లర్లకు ఇవ్వాలి. వడగట్టి ఇంధనమని అమ్ముకోవడం మనలాంటివాళ్లు చేసే పని కాదు, నేను నా ప్రయోగానికి మించి పెట్టుకోను, మిగిలినది, దాంతోపాటు అడుగు మడ్డి, మూత ఉన్న డబ్బాల్లో రీసైక్లర్ బండికే వెళ్తుంది. చేతులకు తొడుగులు తప్పనిసరి, వాడిన ఇంజన్ ఆయిల్ చర్మానికి రోజూ తగలడం క్యాన్సర్ దాకా తీసుకెళ్లే సంగతి. ఆ పొగ కూడా గాలి ఆడే చోటే. దీంతో పొయ్యి వెలిగిద్దామనే ఆలోచన ఎవరికైనా ఉంటే మానుకోండి.

ఇప్పుడు నా వెతుకులాటంతా సెంట్రిఫ్యూజ్ కోసం. కొన్ని పెద్ద లారీ ఇంజన్లకు ఆయిల్ ఒత్తిడితోనే వేల స్పీడులో గిర్రున తిరిగే గిన్నె లాంటి ఫిల్టరు ఉంటుంది, కాగితానికి చిక్కని మసి కూడా అందులో గోడకు పేరుకుంటుంది. కరిగిన మందులు దానికీ చిక్కవనుకోండి, అయినా మసి తగ్గితే నాజిల్‌కు అంత మేలు. మిర్యాలగూడ పాత సామాన్ల దుకాణాల్లో అడుగుతున్నాను. సూర్యాపేట వైపు ఎవరి కంటైనా పడితే చెప్పండి, రోటరు బాగుండాలి, బేరింగులు పోయినా ఫర్వాలేదు.