పశువైద్యుల సంఘం ఎవరి కోసం మారాలి?

అమెరికన్ వెటర్నరీ మెడికల్ అసోసియేషన్ 1863లో పుట్టినప్పుడు అక్కడ పశువైద్యుడి పని ఎక్కువగా గుర్రాల చుట్టూ తిరిగేది. ఇప్పుడు సభ్యుల్లో చాలామంది కుక్కలు, పిల్లులు చూసే క్లినిక్‌లలో ఉన్నారు, పైగా ఒకప్పుడు మగవాళ్లదే అనుకున్న ఈ వృత్తిలో ఆడవాళ్లే ఎక్కువయ్యారు. అయినా మొదటి మహిళా అధ్యక్షురాలు మేరీ బెత్ లైనింగర్ రావడానికి 1996 దాకా పట్టింది, అంత ఆలస్యం నాకు బాధగానే ఉంటుంది.

నన్ను బాగా కదిలించేది ఇంకొకటి. అక్కడ 1979 నుంచి 2015 దాకా చనిపోయిన పశువైద్యుల రికార్డులు చూస్తే, మరణాల్లో ఆత్మహత్యల వాటా సాధారణ జనంతో పోల్చితే మహిళల్లో 3.5 రెట్లు, పురుషుల్లో 2.1 రెట్లు ఉంది. చదువు అప్పులు, పని టెన్షన్, జంతువు ప్రాణం తన చేతులతోనే తీయాల్సి రావడం, వైద్యం ఉండి కూడా యజమాని దగ్గర డబ్బు లేకపోవడం, ఇవన్నీ ఒక మనిషి మీదే పడతాయి. తోటి డాక్టర్ ప్రమాదంలో ఉన్నాడని ఎలా గుర్తించాలి, ఎలా అడగాలి అనే శిక్షణ ఆ సంఘం సభ్యులకు ఉచితంగా ఇస్తోంది. సంఘం చేయాల్సిన అసలు పని ఇదే అని నా నమ్మకం.

తిరుపతిలోనో రాజేంద్రనగర్‌లోనో చదివి అక్కడికి వెళ్లే మనవాళ్లకి మాత్రం దారి ఇంకా కష్టమే. బయటి దేశాల్లో చదివిన పశువైద్యుల అర్హత తేల్చడానికి ఆ సంఘం నడిపే ఈసీఎఫ్‌వీజీ సర్టిఫికెట్ కోసం ఇంగ్లీషు పరీక్ష, థియరీ పరీక్ష, ఆపైన ప్రాక్టికల్స్ దాటాలి. ప్రమాణాలు తగ్గించమని ఎవరూ అడగరు, కానీ ఫీజు వాయిదాల్లో కట్టనివ్వచ్చు, సీనియర్లతో కలపచ్చు.